ఒడ్డున పడ్డ సరుకు ఎవరిది?

ధర్మశాస్త్ర గ్రంథాలు వ్యవహార ప్రకరణంలో, అంటే తగవుల తీర్పును గురించి చెప్పే భాగంలో, వాడే పదాల్లో ‘దైవికం’ ఒకటి. మనిషి తప్పేమీ లేకుండా గాలి వల్లనో వాన వల్లనో నిప్పు వల్లనో కలిగిన నష్టానికి ఆ పేరు పెట్టారు. పైకి ఇది లెక్కలు తేల్చడానికి పుట్టిన మాట; తప్పు ఎవరిదీ కానప్పుడు జరిమానా ఎవరూ కట్టనక్కరలేదని చెప్పడం దాని పని. అయితే ఆ మాట లోపల ఇంకో ప్రశ్న దాగి ఉంది. దైవం ఒకరి చేతిలోని వస్తువును ఊడబెరికి మరొకరి ముంగిట పడవేసినప్పుడు, వస్తువుతో పాటు దాని మీది హక్కు కూడా చేతులు మారినట్టేనా? సముద్ర వ్యాపారంలో ఈ ప్రశ్న వచ్చినంత సూటిగా మరెక్కడా రాదు. ఒకే ఓడలో పదిమంది సరుకు ఉంటుంది; కర్పూరం ఒకరిది, పోకలు ఒకరిది, పట్టు ఒకరిది, రాగి ఒకరిది. తుఫానులో ఓడ బద్దలై అదంతా కలగలిసి ఏదో ఒక రాజ్యపు ఇసుక మీద పడుతుంది. సొంతదారులు కొందరు మునిగిపోయి ఉంటారు, కొందరు దూరదేశంలో ఓడ రాక కోసం ఎదురుచూస్తూ ఉంటారు. ఒడ్డున నిలబడినవాడు ఆ మూటలను చూసి ఏమనుకుంటాడన్నది ధర్మాధర్మ విచారణలో చిన్న విషయం కాదు.

దీన్ని కర్నూలు జిల్లా కోడుమూరు వంటి ఊరి నుంచి పరిశీలించడం వింతగా తోచవచ్చు. హంద్రీ పరీవాహకంలోని ఆ మెట్టకు సముద్రం వందల కిలోమీటర్ల దూరం. హంద్రీ కర్నూలు దగ్గర తుంగభద్రలోనూ, తుంగభద్ర కృష్ణలోనూ కలిసి చివరకు హంసలదీవి వద్ద కడలిని చేరుతుందన్న సంగతి తప్ప ఆ ఊరికీ రేవుకూ చుట్టరికం లేనట్టే ఉంటుంది. కానీ ఏడాదికి 700 మిల్లీమీటర్ల లోపు వాన పడే నేలలో పత్తి, వేరుశనగ, ఉల్లి వేసే రైతు, విత్తనం మట్టిలో పడ్డ రోజు నుంచి పంట ఇల్లు చేరే దాకా తన సొమ్మంతా ఆకాశం చేతిలో పెట్టి కూర్చుంటాడు. అప్పు తెచ్చిన పెట్టుబడి కనుచూపు దాటిపోయి, తిరిగి వస్తుందో రాదో తెలియని ఆ నాలుగు నెలల కాలంలో అతని స్థితి ఓడ ఎక్కించిన వర్తకుడి స్థితికి ఏమీ తీసిపోదు. దైవికమన్న మాటను కోస్తా రేవుల కంటే మెట్ట సీమే ఎక్కువసార్లు విన్నది, ఎక్కువ ఖరీదు పెట్టి విన్నది.

తెలుగు నేల మీద ఈ ప్రశ్నకు రాతి మీద చెక్కిన సమాధానం ఒకటి ఉంది. కాకతీయ గణపతిదేవుడు శకం 1166లో, అనగా క్రీ.శ. 1244–45లో, మోటుపల్లి రేవులో వేయించిన శాసనం అది. నేటి బాపట్ల జిల్లాలోని ఆ ఊరి వీరభద్రాలయంలో దొరికిన ఈ శాసనాన్ని చరిత్రకారులు అభయ శాసనమని పిలుస్తారు. ద్వీపాంతరాల నుంచీ దేశాంతరాల నుంచీ వచ్చిపోయే ఓడ వర్తకులను ఉద్దేశించి రాజు అందులో చెప్పిన విషయం స్థూలంగా ఇది: ఒక దేశం నుంచి మరో దేశానికి బయలుదేరి, గాలివానలో చిక్కి పగిలి, ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొదలైనవాటిని పూర్వపు రాజులు బలవంతంగా లాగుకొనేవారు, తాము మాత్రం దయతోనూ, కీర్తి కోసమూ, ధర్మం కోసమూ, నిర్ణయించిన సుంకం తప్ప మిగిలినదంతా సొంతదారులకే విడిచిపెడుతున్నారు. సుంకం ఎంతో కూడా అక్కడే చెప్పబడింది. ఎగుమతి దిగుమతులు రెంటి మీదా ముప్పయ్యింట ఒక వంతు. ఆ వెంటనే చందనం, కర్పూరం, చీనా కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, తుత్తునాగం, సీసం, పట్టు, మిరియాలు, పోకలు అంటూ వస్తువుల పట్టీ ఒకటి వస్తుంది. ఏడెనిమిది వందల ఏళ్ళ కిందటి ఒక కలగలుపు ఓడ కడుపులో ఏమేమి ఉండేవో ఇంతకంటే స్పష్టంగా చెప్పే తెలుగు సాక్ష్యం అరుదు.

శాసనంలో ఆలోచనకు ఎక్కువ పని పెట్టేది ఆ పట్టీ కంటే వర్తకుల గురించి రాజు అన్న ఒక మాట. ప్రాణం కంటే ధనమే గొప్పదని తలచి సముద్రపు సాహసానికి పూనుకొన్నవారని వారిని అది వర్ణిస్తుంది. నీతి గ్రంథాల వరసలో అయితే ఈ వర్ణన తర్వాత మందలింపు రావాలి. ధనాశ చెడ్డదనీ, అలాంటివాడు నష్టపోవడం న్యాయమేననీ తేల్చాలి. శాసనం ఆ దారి పట్టదు. వాళ్ళు ధనాన్ని ప్రాణం కంటే ఎక్కువ అనుకొన్నారు గనుకనే వాళ్ళ ధనాన్ని వాళ్ళకు విడిచిపెట్టాలని అది అంటుంది. ఎదుటివాడి విలువల వరస తన విలువల వరసకు భిన్నంగా ఉన్నా, అతను దేనికోసం ప్రాణం ఒడ్డాడో దాన్ని అతని నుంచి లాక్కోకూడదన్న ఆలోచన అందులో ఉంది. రాజుకు కీర్తీ ధర్మమూ ముఖ్యం, వర్తకుడికి సొమ్ము ముఖ్యం. ఇద్దరి మధ్య అంగీకారం కుదరవలసిన అవసరం లేకుండానే ఇద్దరికీ చోటున్న ఏర్పాటు ఇది. ఇక్కడ రాజుకు లాభాపేక్ష కూడా ఉందనడంలో సందేహం లేదు, ఎందుకంటే భయం లేని రేవుకే ఓడలు వస్తాయి, వచ్చిన ఓడలే సుంకం కడతాయి. లాభం కలిసొచ్చినంత మాత్రాన ధర్మం అబద్ధమైపోదు. ఇతరుల భయం తీర్చడం తనకూ మేలు చేస్తుందని తెలిసి ఆ పని చేసినవాడు, ఇతరుల భయాన్ని తన ఆదాయంగా మార్చుకొన్నవాడితో సమానం కాడు.

గణపతిదేవుడు వదులుకొన్న పాత పద్ధతి వెనక వట్టి దురాశ మాత్రమే లేదు, ఒక సిద్ధాంతం కూడా ఉంది. 13వ శతాబ్దం చివర భారత తీరాలను చూసిన మార్కో పోలో మోటుపల్లిని ముత్ఫిలి అన్న పేరుతో వర్ణించి, అక్కడి రాణి న్యాయపాలనను మెచ్చుకొన్నాడు. ఆమె గణపతిదేవుని కూతురు రుద్రమదేవేనని చరిత్రకారుల అభిప్రాయం. తన యాత్రా గ్రంథంలోనే మరో చోట అతను పడమటి తీరాన ఏలి అనే రాజ్యం గురించి చెబుతూ, వేరే రేవుకు పోతూ దారితప్పి అక్కడ లంగరు వేసిన ఓడను ఆ ఊరివారు దోచుకొంటారనీ, మీరు మరో చోటికి బయలుదేరితే దేవుడే మిమ్మల్ని మా దగ్గరికి పంపాడు కాబట్టి మీ సరుకంతా మాదేనని వాదిస్తారనీ, అది పాపమని వారు అనుకోరనీ రాశాడు. ఆ తర్వాతి శతాబ్దంలో వచ్చిన యాత్రికుడు ఇబ్న్ బతూతా, మలబారు అంతటా పగిలిన ఓడ సరుకు ఖజానాకు చేరుతుందనీ, కాలికట్‌లో మాత్రం సొంతదారులకే దక్కుతుందనీ, అందుకే ఆ ఊరు వర్ధిల్లిందనీ గమనించాడు. ఏలి వారి వాదాన్ని దొంగమాట అని తోసెయ్యడం సులువే, కానీ అది దైవభక్తి భాషలో చెప్పిన వాదం గనుక ఆ భాషలోనే దానికి జవాబు వెతకాలి.

కర్మ సిద్ధాంతాన్ని నమ్మే సమాజంలో ఈ వాదం ఇంకా పదునుగా వస్తుంది. వర్తకుడి సొమ్ము పోవడం అతని ప్రారబ్ధం, అంటే వెనకటి కర్మల్లో ఇప్పుడు ఫలించడం మొదలుపెట్టిన భాగం. అదే సొమ్ము ఒడ్డున ఉన్నవాడికి దొరకడం ఇతని ప్రారబ్ధం. రెండు లెక్కలూ ఒకే అలతో సరిపోయినప్పుడు మధ్యలో రాజు ఎందుకు అడ్డుపడాలి? ఈ తర్కంలోని లోపం ప్రారబ్ధమన్న మాటలో లేదు, దాన్ని ఎవరు ఎవరి గురించి వాడుతున్నారన్న చోట ఉంది. నష్టపోయినవాడు ‘ఇది నా ప్రారబ్ధం’ అనుకొంటే ఆ మాట అతనికి ఓర్పును ఇస్తుంది. ఒడ్డున ఉన్నవాడు ‘అది వాడి ప్రారబ్ధం’ అన్నప్పుడు అదే మాట దోపిడీకి తాళపుచెవి అవుతుంది. పైగా సిద్ధాంతమే మరో రకపు కర్మను కూడా చెబుతుంది. ఇప్పుడు చేసే పని వల్ల ఇకమీద అనుభవించవలసిన ఫలం ఆగామి. ఓడను ఒడ్డుకు తోసింది గాలి అయి ఉండవచ్చు, మూటను భుజాన వేసుకొన్నది మాత్రం మనిషే. గాలి పని ఎక్కడ ముగిసిందో అక్కడి నుంచి మొదలైన పనికి దైవాన్ని కర్తగా చూపించడం కుదరదు. కర్మ సిద్ధాంతం జరిగిపోయినదానికి అర్థం చెప్పడానికి పనికొస్తుంది. చేయబోయేదానికి అనుమతి పత్రంగా దాన్ని వాడినవాడు ఆ సిద్ధాంతాన్ని సగమే చదివినట్టు లెక్క.

భగవద్గీత 16వ అధ్యాయం దైవీ సంపదను, అనగా దైవ స్వభావం గలవారికి ఉండే గుణాలను, వరసగా చెబుతూ అభయంతోనే మొదలుపెడుతుందన్నది ఇక్కడ గుర్తుకు రావలసిన విషయం. దైవం పంపిన సంపద అంటూ ఒడ్డున మూటలు ఏరుకొనేవాడికీ, దైవీ సంపద అన్న పేరుతో శాస్త్రం చెప్పే దానికీ ఉన్న దూరాన్ని మోటుపల్లి శాసనం పేరే కొలిచి చూపిస్తుంది. సన్న్యాసం స్వీకరించేవాడు సమస్త ప్రాణులకూ అభయం ఇస్తాడు. తన వల్ల ఎవరికీ భయం కలగదని మాట ఇవ్వడం ఆ ఆశ్రమానికి గడప. అన్నీ వదులుకొన్నవాడు ఇచ్చే మాటను, అన్నీ కూడబెట్టుకోవలసిన రాజు ఒక రేవులో ఇచ్చాడు. ఇది చిన్న పోలిక కాదు.

శాస్త్రాల్లో దీనికి ఆధారం లేకపోలేదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో నావధ్యక్షుడి విధులు చెప్పే చోట, గాలిదెబ్బ తిని దిక్కుతప్పి వచ్చిన ఓడను తండ్రిలా ఆదుకోవాలనీ, నీళ్ళు తగిలి చెడిన సరుకు మీద సుంకం మాఫీ చేయడమో సగమే తీసుకోవడమో చేయాలనీ ఉంది. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో పడవవాళ్ళ తప్పు వల్ల సరుకు పాడైతే ఆ పడవవాళ్ళందరూ తమ తమ వాటా చొప్పున నష్టం భరించాలనీ, దైవికమైతే జరిమానా లేదనీ నియమం ఉంది. మొదటిదానికి దాశాపరాధం అని పేరు. దాశులంటే పడవ నడిపేవాళ్ళు. ఈ రెండు మాటల మధ్య గీత గీయడంలోనే సగం ధర్మం ఉంది, ఎందుకంటే ఏ పడవవాడైనా తన అపరాధాన్ని దైవికమని చెప్పుకోవడానికే చూస్తాడు.

అదే శాస్త్ర పరంపర సముద్రం పట్ల ఎంత తికమకపడిందో బౌధాయన ధర్మసూత్రం చూపిస్తుంది. దక్షిణాదివాడని పలువురు పండితులు భావించిన బౌధాయనుడు మేనరికాన్ని దక్షిణపు ఆచారాల్లోనూ, సముద్రయానాన్ని ఉత్తరపు ఆచారాల్లోనూ లెక్కపెట్టాడు. మరో చోట సముద్రం దాటడాన్ని కులభ్రష్టత్వం తెచ్చే పాపాల్లో చేర్చి, మూడేళ్ళ ప్రాయశ్చిత్తం విధించాడు. రాజధర్మం చెప్పేటప్పుడు మాత్రం, సముద్రం మీద వచ్చిన సరుకులో ఒక మేలైన వస్తువును మొదట తీసి పక్కన పెట్టి, మిగిలినదాని మీద నూటికి పది పణాల సుంకం వసూలు చేయవచ్చునన్నాడు. వెళ్ళినవాడు పతితుడు, తెచ్చిన వస్తువు శుద్ధం! సరుకుకు అంటని దోషం మనిషికి మాత్రం ఎలా అంటిందో సూత్రం చెప్పదు. తర్వాతి కాలపు నిబంధన గ్రంథాలు సముద్రయానం చేసిన ద్విజుణ్ణి తిరిగి కలుపుకోవడాన్ని కలివర్జ్యాల్లో, అంటే కలియుగంలో విడిచిపెట్టవలసిన ఆచారాల్లో, చేర్చినప్పుడు కూడా పన్నీరునూ చీనా పట్టునూ గుడిలోకి రానివ్వకుండా ఎవరూ ఆపలేదు. ఈ ఏర్పాటులో పుణ్యం ఇంటిపట్టున ఉన్నవాడి వాటాకూ, ప్రమాదం బయలుదేరినవాడి వాటాకూ వచ్చింది. అభయ శాసనం దీన్ని ఖండించలేదు, దీని జోలికే పోలేదు. కానీ వెళ్ళి వచ్చినవాడి పక్షాన రాజు నిలబడిన ఒక్క పనితో ఆ వాటాల పంపకం కొంతైనా సవరణకు వచ్చింది.

కలగలుపు సరుకుల ఓడ మరో చిక్కును తెస్తుంది. దాన్ని ధర్మశాస్త్రం సంభూయసముత్థానం అన్న శీర్షిక కింద చర్చించింది. పలువురు కలిసి పూనుకొనే పని అని దాని అర్థం. యాజ్ఞవల్క్య స్మృతి ప్రకారం, కలిసి వ్యాపారం చేసేవారిలో ఎవడైనా వద్దన్నది చేసో, చెప్పనిది చేసో, అజాగ్రత్త వల్లనో సొత్తు పోగొడితే అతనే కట్టుకోవాలి. ఉపద్రవంలో తెగించి ఉమ్మడి సొత్తును కాపాడినవాడికి అందులో పదో వంతు చెల్లాలి. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యను మూలఘటిక కేతన 13వ శతాబ్దంలో ‘విజ్ఞానేశ్వరీయం’గా తెలుగు పద్యాల్లో పెట్టాడు. మోటుపల్లి శాసనం చెక్కించిన శతాబ్దంలోనే తెలుగువాడు తన భాషలో వ్యవహార ధర్మం చదువుకొన్నాడన్నమాట. అదే కేతన తెనిగించిన ‘దశకుమారచరిత్ర’ కథలో రత్నోద్భవుడి ఓడ నడిసముద్రంలో మునగడం కూడా ప్రసంగవశాత్తూ గమనించదగ్గదే.

మధ్యధరా సముద్ర తీరాల్లో ఇదే చిక్కుకు ఇంకోవైపు నుంచి జవాబు వచ్చింది. రోడ్స్ ద్వీపం పేరు మీద ప్రసిద్ధమై, ఆరో శతాబ్దంలో రోమన్ చక్రవర్తి జస్టీనియన్ కూర్పించిన ధర్మసంపుటిలో చేరిన నియమం అది. ఓడ బరువు తగ్గించి అందరినీ బతికించడానికి కొందరి సరుకును సముద్రంలో విసిరేస్తే, ఆ నష్టాన్ని ఓడలో మిగిలిన సరుకు సొంతదారులంతా తమ తమ విలువ చొప్పున పంచుకోవాలని అది చెబుతుంది. నేటి ఓడ వ్యాపారంలో దీన్ని జనరల్ యావరేజ్ అంటారు; 19వ శతాబ్దంలో రూపుదిద్దుకొని యార్క్–ఆంట్వెర్ప్ నియమాలుగా పేరుపొందిన సూత్రావళి దీని వివరాలను నిర్ణయిస్తుంది. 2021 మార్చిలో ఎవర్ గివెన్ అనే ఓడ సూయజ్ కాలువలో అడ్డం తిరిగి ఇరుక్కొన్నప్పుడు, దాని యజమానులు ఈ పద్ధతినే ప్రకటించగా, ఆ ఓడలో వేల పెట్టెల్లో సరుకు పంపిన వర్తకులు ఒకరినొకరు ఎన్నడూ చూడకుండానే ఒకే నష్టంలో వాటాదారులయ్యారు.

రెండు పద్ధతులనూ పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. స్మృతి కాపాడినవాడిని చూస్తుంది, అతనికి పదో వంతు ఇస్తుంది. రోడ్స్ నియమం కాపాడబడినవాడిని చూస్తుంది, అతని దగ్గర వాటా అడుగుతుంది. వీరత్వానికి బహుమతి ఇవ్వడం సమాజానికి ఇష్టమైన పని, అందులో ఎవరికీ ఇబ్బంది లేదు. క్షేమంగా ఒడ్డు చేరినవాణ్ణి నిలబెట్టి, నీ క్షేమానికి మూల్యం ఫలానావాడు చెల్లించాడు, అందులో నీ భాగం తియ్యి అని అడగడం ఎంతో కష్టం. కనుక ధార్మిక దృష్టిలో రెండోది ఒక మెట్టు పైనే ఉన్నదని ఒప్పుకోవడానికి పరంపర మీది అభిమానం అడ్డు రానక్కరలేదు. ఈ నియమంలో ఇంకొక సూక్ష్మం ఉంది. అల కొట్టి చెడిపోయిన సరుకుకు ఇది వర్తించదు. ఆ నష్టం ఎవరి మీద పడిందో వారిదే. కావాలని, అందరి మేలు కోసం, మనిషి చేత్తో విసిరిన సరుకుకే వాటా వస్తుంది. దీనితో దైవికం, దాశాపరాధం అన్న రెండింటి పక్కన మూడో గడి ఏర్పడుతుంది. అది పదిమంది కోసం ఒకరి సొత్తును బలిపెట్టడం. శాస్త్రం దీనికి విడిగా పేరు పెట్టలేదు గనుక దీన్ని ‘విసర్జనం’ అని పిలుచుకోవచ్చు.

గణపతిదేవుడి తర్వాత వందేళ్ళకు పైగా గడిచి, కాకతీయ రాజ్యం పోయి, రెడ్డిరాజులు వచ్చాక, అనపోతారెడ్డి 1358లో అదే మోటుపల్లిలో తెలుగు, సంస్కృతం, తమిళం మూడు భాషల్లో మరో శాసనం వేయించాడు. రేవుకు వచ్చి స్థిరపడే వర్తకులకు స్థలమిస్తామనీ, వెళ్ళిపోతామంటే ఆపబోమనీ హామీలు ఇచ్చిన ఆ శాసనం అపుత్రిక సుంకాన్ని కూడా వదిలిపెట్టింది. కొడుకులు లేకుండా చనిపోయినవాడి ఆస్తి రాజుకు చేరే పద్ధతి అది. పగిలిన ఓడను రాజు లాక్కోవడానికీ దీనికీ మూలం ఒక్కటే, రెండు చోట్లా ఇంటి మీద పడ్డ దైవపు దెబ్బను ఖజానా తన హక్కుగా లెక్కరాసుకొంటుంది. రెండింటినీ ఒకే రేవులో వేర్వేరు వంశాల రాజులు వదులుకోవడం వల్ల ఏమి వచ్చిందో ఆ తర్వాతి తరపు సాహిత్యం చూపిస్తుంది. శ్రీనాథుడు ‘హరవిలాసం’ అంకితమిచ్చిన అవచి తిప్పయసెట్టి సింహళం నుంచి ఏనుగులనూ, హొర్ముజ్ నుంచి గుర్రాలనూ, చీనా నుంచి పట్టునూ తెప్పించిన వర్తకుడు. శైవకథల కావ్యానికి కృతిభర్త ఓడల వ్యాపారి కావడంలో ఆ కాలానికి ఇబ్బంది కనిపించలేదు.

ఇప్పుడు రాజు స్థానంలో చట్టం ఉంది. 1958 నాటి భారత వాణిజ్య నౌకా చట్టం పగిలిన ఓడ సరుకును అప్పగించుకొనే అధికారిని ఏర్పరచి, ఏడాదిలోగా సొంతదారు వచ్చి ఖర్చులు కట్టి తీసుకొనే వీలు కల్పించింది. ఆ మేరకు గణపతిదేవుడి మాట దేశపు మాట అయింది. కానీ 2025 మే 25న ఎం.ఎస్.సి. ఎల్సా 3 అనే ఓడ 640 కంటైనర్లతో కేరళ తీరంలో మునిగి, వాటిలో కొన్ని కొల్లం, ఆలప్పుళ తీరాలకు కొట్టుకొచ్చినప్పుడు, పాత ప్రశ్న తలకిందులుగా ఎదురైంది. 2021లో కొలంబో దగ్గర ఎక్స్‌ప్రెస్ పర్ల్ అనే ఓడ తగలబడి ప్లాస్టిక్ గుళికలు శ్రీలంక ఒడ్డును కప్పేసినప్పుడూ అంతే. ఒడ్డున పడ్డ సరుకు ఎవరి సొత్తన్నది ఇక్కడ సమస్య కాదు, దాన్ని ఎవరూ తమదనుకోలేదు. ఓడలో తమ మూట ఒక్కటీ లేని జాలరులు వల దింపలేక కూర్చున్నారు. మోటుపల్లి పట్టీలోనూ సంభూయసముత్థానంలోనూ రోడ్స్ నియమంలోనూ ఓడ లోపలివారి లెక్కే ఉంది. ఒడ్డున బతికేవాడు ఆ గ్రంథాలన్నింటికీ దోచుకొనేవాడుగానే తెలుసు, నష్టపోయేవాడుగా తెలియదు. ధర్మశాస్త్రం ఇంకా రాయవలసిన అధ్యాయం ఇది.

మెట్ట సీమకు వస్తే, ఒడ్డున పడ్డ సరుకు నీళ్ళు లేని చోట కూడా ఉంటుందని అక్కడి చరిత్ర చెబుతుంది. 1876–78 నాటి ధాత కరువులో కర్నూలు, బళ్ళారి, కడప జిల్లాలు తల్లడిల్లినప్పుడు, బెంగాల్ నుంచీ బర్మా నుంచీ ఓడల్లో మద్రాసుకు దిగిన ధాన్యం రైలు మార్గాన ఎగువకు చేరింది. సముద్ర వ్యాపారం ఆ నేల కడుపును నేరుగా తాకిన కాలమది. ధాన్యం చేరినా కొనే శక్తి లేనివాడికి అది చేరనట్టే. పశువులనూ, పాత్రలనూ, ఒంటి మీది వెండినీ అడిగినంతకు అమ్ముకొన్నవారి సొత్తు కొన్నవారి ఇళ్ళలో నిలిచిపోయింది. కొన్నవాడు దొంగతనం చేయలేదు, ధర ఇచ్చే కొన్నాడు. అయినా బద్దలైన ఓడ దగ్గర మూట ఎత్తుకొన్నవాడికీ, ఎండిన ఏడాదిలో పొరుగువాడి ఎకరాన్ని పావు ధరకు రాయించుకొన్నవాడికీ మధ్య ఉన్న భేదం ఒక దస్తావేజు మాత్రమే. దైవం పంపిందన్న మాట ఇద్దరి నోటా ఒకటే.

అన్నింటికంటే ఎక్కువగా ఈ విచారణ నిలబడవలసిన చోటు ఎర్రగడ్డ, అంటే ఉల్లిగడ్డ, దగ్గర ఉంది. ద్విజులు తినకూడదని మనుస్మృతి చెప్పిన ఈ గడ్డ, సూత్రకారుడు దాటవద్దన్న సముద్రాన్ని దాటి, మెట్ట రైతుకు నాలుగు రూపాయలు తెస్తుంది. కడప జిల్లాలో పండే కృష్ణాపురం ఉల్లి గడ్డ చిన్నది, ఘాటు ఎక్కువ. దేశంలోని వంటిళ్ళలో దాని వాడకం తక్కువ, శ్రీలంక, మలేషియా, సింగపూరు, థాయ్‌లాండ్ దేశాల్లో దానికి గిరాకీ ఉంది. పండించినవాడు తినడు, తిన్నవాడికి పండించినవాడి ఊరి పేరు తెలియదు. మధ్య ఉన్నది చెన్నై రేవూ, నమ్మకమూ. 2020 సెప్టెంబరులో దేశంలో ధరలు పెరుగుతున్నాయని కేంద్రం ఉల్లి ఎగుమతిని ఆపివేసినప్పుడు ఈ గడ్డ కూడా ఆగిపోయింది. అక్టోబరులో, చెన్నై రేవు గుండా మాత్రమే, ఉద్యాన శాఖ ధ్రువపత్రంతో, 10,000 టన్నుల కృష్ణాపురం ఉల్లిని పంపడానికి అనుమతి వచ్చింది. మళ్ళీ 2023 ఆగస్టులో 40 శాతం సుంకం, డిసెంబరులో పూర్తి నిషేధం వచ్చాయి. నిషేధం 2024 మే దాకా నడిచింది. మోటుపల్లిలో రాజు ముప్పయ్యింట ఒక వంతు అని రాతి మీద చెక్కించినది మార్చబోమని చెప్పడానికే. సుంకం ఎంత ఉండాలన్నదాని కంటే రాత్రికి రాత్రి మారదన్న భరోసాయే వర్తకుడికి అభయం.

ఇలా పోయిన సొమ్మును ఏ గడిలో రాయాలన్నదే అసలు ప్రశ్న. రైతు దాన్ని కాలం కలిసిరాలేదనే చెప్పుకొంటాడు, వాన తప్పడాన్నీ ఉత్తర్వు రావడాన్నీ ఒకే గోనెలో కట్టేస్తాడు. అది అతని ఓర్పు కావచ్చు, కానీ తీర్పు చెప్పేవారు అతని ఓర్పును సాక్ష్యంగా తీసుకోకూడదు. వాన తప్పడం దైవికం. ఎగుమతి ఆపడం దైవికం కాదు. ఊళ్ళలోని కోట్ల వంటిళ్ళ మీద భారం తగ్గించడానికి, ఓడ బరువు తగ్గించినట్టు, తెలిసి చేసిన విసర్జనం. అలా చేయవలసిన సందర్భాలు ఉండవచ్చు, తుఫానులో సరుకు విసరని ఓడ మొత్తంగా మునగవచ్చు. అప్పుడు బతికి ఒడ్డు చేరినవారందరూ విసిరిన మూట సొంతదారుడికి వాటా ఎత్తాలని రెండువేల ఏళ్ళుగా ఓడ వర్తకులు ఒప్పుకొన్న నియమం ఉండనే ఉంది. కృష్ణాపురం ఉల్లి విషయంలో ఇంకొక మెలిక కూడా ఉంది. దేశం పెద్దగా తినని గడ్డను ఆపితే ఓడ బరువు తగ్గనే లేదు. అలాంటప్పుడు అది విసర్జనం కూడా కాదు, మనువు చెప్పిన రెండో గడిలోకి, దాశాపరాధంలోకి పోతుంది, పడవ నడిపినవాళ్ళందరూ తమ తమ వాటా చొప్పున కట్టవలసిన నష్టమవుతుంది. ఉత్తర్వుల్లో రేవు పేరూ, టన్నుల లెక్కా, ధ్రువపత్రం ఇవ్వవలసిన అధికారి హోదా అన్నీ ఉంటాయి. చేనులో నిలిచిపోయిన గడ్డకు ఎవరి వాటా ఎంతో చెప్పే వరస మాత్రం వాటిలో ఉండదు.